వేడెక్కే ల్యాప్‌టాప్: ముందు కొలత, తర్వాతే మరమ్మతు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. రోహిణి కార్తెలో పడమటి గాలి మొదలయ్యాక నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో మనుషులకే నీడ చాలదు. ఇక వందా రెండు వందల వాట్ల విద్యుత్తును రెండు వేళ్ల మందం పెట్టెలో వేడిగా మార్చే యంత్రాల సంగతి చెప్పనక్కర్లేదు. గేమింగ్ కోసం, వీడియో ఎడిటింగ్ కోసం, ఇంజనీరింగ్ డిజైన్ల కోసం కొన్న శక్తిమంతమైన ల్యాప్‌టాప్‌ల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. చాలామంది "ఎలా చల్లబరచాలి?" అని అడిగారు గాని, ఏ పని మీద, ఎంతసేపటికి, ఎంత వేడెక్కుతోందో రాయలేదు. ఆ వివరాలన్నీ పంపిన ఒకే ఒక్క ఉత్తరాన్ని మొదట తీసుకుంటున్నాను. దాని జవాబు కొంత పొడవుగానే ఉంటుంది.

ప్రశ్న: నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ7-12700హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ ఉన్నాయి. గత ఏడాది జనవరిలో ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల పరీక్ష నడిపినప్పుడు గది 28 డిగ్రీలు, ప్రాసెసర్ 95 డిగ్రీలు, అది తీసుకున్న విద్యుత్తు 70 వాట్లు. ఈ మే నెలలో అదే పరీక్ష నడిపితే గది 38, ప్రాసెసర్ మళ్లీ 95, విద్యుత్తు మాత్రం 48 వాట్లు. రెండుసార్లూ ఫ్యాన్లు పూర్తి వేగంతోనే తిరిగాయి. ఉష్ణోగ్రత పెరగకపోయినా వీడియో ఎక్స్‌పోర్ట్‌కు ఇదివరకటి కంటే చాలా ఎక్కువ సమయం పడుతోంది. మరమ్మతు దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు బలహీనపడిందన్నారు. నిజమేనా? — ఒక వీడియో ఎడిటర్, కావలి

జవాబు: గది ఉష్ణోగ్రతనూ వాట్లనూ కూడా మీరు రాసిపెట్టుకోవడం వల్ల ఈ చిక్కు సగం విడిపోయింది. చాలామంది ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి, అప్పుడూ 95, ఇప్పుడూ 95 కాబట్టి ఏమీ మారలేదనుకుంటారు. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. కొందరు ల్యాప్‌టాప్ తయారీదారులు దానిని అంతకంటే కిందనే ఆపుతారు, మీ యంత్రంలో 95 దగ్గర ఆగడానికి కారణం అదే అయి ఉంటుంది. ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తన వేగాన్నీ వోల్టేజీనీ తగ్గించుకుని, తక్కువ విద్యుత్తు తీసుకుంటూ, అదే అంకె దగ్గర నిలబడిపోతుంది. దీనినే థ్రాట్లింగ్ అంటారు. అందువల్ల హద్దు చేరిన తర్వాత ఉష్ణోగ్రత మనకు ఏమీ చెప్పదు. అక్కడి నుంచి చూడవలసినది వాట్లనే. కొండపి, పొదిలి వైపు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) కాల్చే రైతు లోపలి థర్మామీటరు ఒక్కటే చూసి ఊరుకోడు, పొయ్యిలో ఎంత కట్టె పడుతోందో కూడా చూస్తాడు. ఎప్పటికంటే తక్కువ కట్టెకే అంత వేడి నిలుస్తోందంటే లోపలి గాలి బయటికి పోవడం లేదని అతనికి అర్థమవుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో వాట్లే ఆ కట్టె.

ఇప్పుడు లెక్క చూద్దాం. గత ఏడాది ప్రాసెసర్‌కూ గదికీ మధ్య తేడా 67 డిగ్రీలు, ఆ తేడాతో బయటికి పోయిన వేడి 70 వాట్లు; అంటే ఒక్కో వాటుకు సుమారు 0.96 డిగ్రీలు. ఈ మే నెలలో గది 38 కాబట్టి తేడా 57 డిగ్రీలే మిగిలింది. చల్లబరిచే ఏర్పాటు అప్పటిలాగే ఉండి ఉంటే ఈ 57 డిగ్రీలతో దాదాపు 60 వాట్లు బయటికి పోవాలి. మీకు వచ్చినవి 48. పోయిన 22 వాట్లలో 10 వాట్లు ఎండాకాలం ఖాతాలో రాసుకోవలసినవి, వాటి గురించి ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. మిగిలిన 12 వాట్లు మాత్రం ల్యాప్‌టాప్ లోపల పోయినవి. ఇప్పుడు ఒక్కో వాటుకు 1.19 డిగ్రీలు పడుతున్నాయి, అంటే వేడి బయటికి పోయే దారి అప్పటికంటే దాదాపు నాలుగోవంతు బిగుసుకుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ మీ సందేహం తీర్చడానికి చాలు.

మదర్‌బోర్డు బలహీనపడిందన్న మాటకు ఈ అంకెలలో ఆధారం కనిపించదు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే భాగాలు వేడెక్కి సరఫరాను తగ్గిస్తున్నట్లయితే, ప్రాసెసర్ 95కు చేరకుండానే, 75 దగ్గరో 80 దగ్గరో ఉండగానే వాట్లు పడిపోయేవి. మీ ప్రాసెసర్ హద్దుకు ఆనుకుని నిలబడుతోంది కాబట్టి అనుమానించవలసినవి రెండే: ఫ్యాన్‌కూ, వేడిని గాలికి వదిలే సన్నని లోహపు రేకులకూ మధ్య పేరుకున్న దుమ్ము, లేదా ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్.

ఈ రెండింటినీ ఒకే రోజు చేయించవద్దు. ముందు దుమ్ము తీయించి, గది ఉష్ణోగ్రత రాసుకుని, అదే పరీక్ష మళ్లీ నడపండి. ఒక్కో వాటుకు పడే డిగ్రీలు తిరిగి ఒకటి దరిదాపులకు వస్తే పేస్ట్ జోలికి పోనక్కర్లేదు. రాకపోతే అప్పుడు పేస్ట్ మార్పించండి. రెండూ కలిపి చేయిస్తే ఫలితం దక్కుతుంది గాని, తప్పు ఎక్కడుందో తెలియదు, వచ్చే ఏడాది మళ్లీ మొదటికి వస్తారు. పేస్ట్ విషయంలో ఒక మాట. రాగి ఉష్ణవాహకత మీటరుకు కెల్విన్‌కు సుమారు 400 వాట్లు కాగా, గాలిది 0.03 కన్నా తక్కువ. చిప్‌కూ రాగి పలకకూ మధ్య కంటికి కనిపించని గుంటలలో నిలిచే ఆ గాలిని తొలగించడమే పేస్ట్ పని. అంతేగాని పేస్ట్ తనంతట తాను చల్లబరచదు. ల్యాప్‌టాప్‌లలో చిప్ నేరుగా రాగి పలకను తాకుతూ, రోజుకు ఎన్నోసార్లు వేడెక్కి చల్లబడుతూ ఉండటం వల్ల పలచని పేస్ట్ క్రమంగా అంచులకు జారిపోతుంది. కాబట్టి చిక్కగా ఉండే రకం అడగండి, లేదా సుమారు 45 డిగ్రీల వద్ద మెత్తబడి సర్దుకునే ఫేజ్ చేంజ్ పలుచని పొర దొరికితే అది వేయించండి. పేస్ట్ బదులు కొందరు వేసే ద్రవలోహం మాత్రం వద్దంటాను. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి ఒక్క చుక్క పక్కకు జారినా బోర్డు దెబ్బతింటుంది. ఊరూరా కెమెరాతో పాటు బ్యాగులో తిరిగే యంత్రానికి అది తగదు.

మరమ్మతు జరిగేవరకూ, ఆ మాటకొస్తే జరిగాక కూడా, మే, జూన్ నెలలలో విద్యుత్ పరిమితిని మీరే 40 వాట్లకు తగ్గించి పెట్టుకోవచ్చు. తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో గాని థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో గాని, తయారీదారు దానికి తాళం వేయకపోతే, ఈ వీలుంటుంది. విద్యుత్తు వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యను) బట్టి కూడా పెరుగుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసమే అత్యధిక విద్యుత్తు ఖర్చవుతుంది. అందువల్ల వాట్లను ఆరోవంతు తగ్గిస్తే పని వేగం అంతగా తగ్గదు. వోల్టేజీని విడిగా తగ్గించే అండర్‌వోల్టింగ్ గురించి చాలామంది చెబుతారు గాని, 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక అనేక ల్యాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు. ఇంకొక చేదు నిజం: ఈ ప్రాసెసర్ మూల విద్యుత్తు 45 వాట్లు, కొద్ది క్షణాలకు అనుమతించే గరిష్ఠం 115 వాట్లు. మీ 48 వాట్లు కాగితం మీది మూల సంఖ్యకు పైనే ఉన్నాయి కాబట్టి, వారంటీ ఉన్నా సర్వీస్ సెంటర్ వారు దీనిని లోపంగా ఒప్పుకోకపోవచ్చు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్‌ను పరీక్షించాలని ప్రైమ్95, ఫర్‌మార్క్ రెండూ ఒకేసారి నడిపి అన్నం తినడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆగిపోయి ఉంది. పాడైపోయిందేమోనని భయంగా ఉంది. అసలు పరీక్ష ఎలా చేయాలి? — ఒక విద్యార్థి, పొదిలి

జవాబు: మళ్లీ మామూలుగా ఆన్ అయి పనిచేస్తుంటే పాడైనట్లు కాదు. వేగం తగ్గించుకున్నా వేడి అదుపులోకి రానప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి యంత్రాన్ని ఆపేస్తుంది. అడాప్టర్ మీద మోయలేని భారం పడినా ఇలాగే జరుగుతుంది. ప్రైమ్95 ప్రాసెసర్‌ను, ఫర్‌మార్క్ గ్రాఫిక్స్ చిప్‌ను నిజజీవితంలో ఏ ఆటా ఏ పనీ కుదపనంతగా కుదుపుతాయి. ఆ రెండింటినీ జోడించి, పైగా దగ్గర ఎవరూ లేకుండా వదిలి వెళ్లడం పరీక్ష కాదు. ఎంత వద్ద ఆగిందో, ఎందుకు ఆగిందో మీకు తెలియలేదు కదా.

పరీక్షకు ముందు ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద, గోడకు దూరంగా పెట్టి, చార్జర్ తగిలించి ఉంచాలి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ చిప్‌కు పూర్తి విద్యుత్తు అందదు కాబట్టి కరెంటు లేని సమయంలో తీసిన అంకెలు దేనికీ పనికిరావు. గదిలో మామూలు థర్మామీటరు ఒకటి ఉంచి, అది చూపే అంకెను కాగితం మీద రాయండి. ఏ పవర్ మోడ్‌లో ఉందో కూడా రాయండి. "సైలెంట్" మోడ్‌లో ఒకసారి, "పర్‌ఫార్మెన్స్" మోడ్‌లో ఒకసారి చేసి పోల్చుకుంటే అది రెండు వేర్వేరు యంత్రాలను పోల్చినట్లే. పది నిమిషాలు ఖాళీగా వదిలాక, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నమోదు మొదలుపెట్టి, ముందు ప్రాసెసర్‌కు సినీబెంచ్, తర్వాత గ్రాఫిక్స్‌కు ఏదైనా ఆట, చివరకు రెండింటి మీదా భారం పడే ఆటను అరగంట నడపండి. ఈ మూడోది తప్పనిసరి. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే రాగి హీట్ పైపులను పంచుకుంటాయి. విడివిడిగా చల్లగా ఉన్నవి కలిసి పనిచేసినప్పుడు ఒకదాని వేడి ఇంకొకదానికి ఎక్కిస్తాయి.

అరగంట ఎందుకంటే, మొదటి నిమిషంలో ప్రాసెసర్‌కు తాత్కాలికంగా ఎక్కువ విద్యుత్తు తీసుకునే అనుమతి ఉంటుంది, రాగి గొట్టాలూ రేకులూ ఇంకా చల్లగానే ఉంటాయి. దుకాణంలో చూపించే స్కోర్లు చాలావరకు ఆ మొదటి నిమిషానివే. మీకు కావలసినది ఇరవయ్యో నిమిషపు ల్యాప్‌టాప్. 3డీమార్క్ స్ట్రెస్ టెస్ట్ ఒకే దృశ్యాన్ని 20 సార్లు నడిపి, ఫ్రేమ్ రేటు (సెకనుకు తెర మీద మారే చిత్రాల సంఖ్య) 97 శాతమైనా నిలకడగా ఉంటేనే పాస్ అంటుంది. అందులోని ఆలోచన సరైనదే.

నమోదు చూసేటప్పుడు "గరిష్ఠం" అన్న గడిని పట్టుకుని బెంబేలెత్తవద్దు. ఒక ప్రోగ్రామ్ తెరిచిన క్షణంలో ఒక్క కోర్ 98 తాకి వెనక్కి వచ్చినా ఆ గడిలో 98 అలాగే ఉండిపోతుంది. చివరి పది నిమిషాల సగటు ఉష్ణోగ్రత, సగటు వాట్లు, సగటు వేగం ఈ మూడింటినీ కలిపి చదవండి. ఎన్‌విడియా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ సాధారణంగా 87 డిగ్రీల ప్రాంతంలో వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. అవి 75, 80 మధ్య నిలబడితే ఈ ఎండలకు అది మంచి సంఖ్యే.

ప్రశ్న: 2003 ప్రాంతంలో మేము కొన్న పెంటియమ్ 4 కంప్యూటర్ 70 డిగ్రీలు దాటకూడదని అప్పట్లో చెప్పారు. ఇప్పుడు మా మనవడి ల్యాప్‌టాప్ 95 చూపిస్తుంటే "పరవాలేదు తాతయ్యా" అంటున్నాడు. లోహం అదే, సిలికాన్ అదే. పాతికేళ్లలో అంత మార్పు ఎలా వచ్చింది? — విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, ఒంగోలు

జవాబు: మాస్టారు గారూ, మీరు చెప్పిన 70, మీ మనవడు చెప్పిన 95 ఒకే చోట కొలిచినవి కావు. అప్పటి పెంటియమ్ 4 వివరపత్రంలోని 70 డిగ్రీల చుట్టూ ఉండే సంఖ్య చిప్ మీద బిగించిన లోహపు మూత మధ్యభాగానిది. ఇప్పటి సంఖ్య చిప్ లోపలే, అత్యంత వేడిగా ఉండే కోర్ పక్కనే అమర్చిన సెన్సర్ చెప్పేది. మూత 70 ఉన్నప్పుడు లోపలి వేడి అంతకన్నా ఎక్కువే ఉండేది. ల్యాప్‌టాప్ చిప్‌కు ఆ మూత కూడా ఉండదు.

మారినది ఇంకొకటి కూడా ఉంది. అప్పటి ప్రాసెసర్ ఒక నిర్ణీత వేగంతో పనిచేసేది. వేడి అనేది దాని పర్యవసానం. ఇప్పటి ప్రాసెసర్ తనకున్న ఉష్ణపరిమితిని ఖర్చు పెట్టుకోదగిన నిధిలా చూస్తుంది, అందినంత పైకి వెళ్లి హద్దు దగ్గర ఆగుతుంది. కాబట్టి భారం మీద ఉన్నప్పుడు 95 చూపించడం దానికదే జబ్బు కాదు. మీ మనవడితో నేను విభేదించేది ఒక్క విషయంలో: ఏ పనీ చేయనప్పుడు, గది 35 ఉండగా, ప్రాసెసర్ 80 చూపిస్తుంటే మాత్రం అది పరవాలేదనదగినది కాదు. ఆ సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి వెనక ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో చూడమనండి. ఏదీ లేకపోతే ఫ్యాన్ తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినమనండి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో డిజైన్ల కోసం ఖరీదైన ల్యాప్‌టాప్ వాడుతున్నాం. మూడు నెలలకే ఫ్యాన్ గరగరమంటోంది. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించాం. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. — ఆఫీసు మేనేజరు, చీమకుర్తి

జవాబు: కంప్రెసర్ గాలి కొట్టించడంతో మూడు పొరపాట్లు జరిగాయి. పంక్చర్ షాపు ట్యాంకులో నీటి తేమ, కొద్దిగా నూనె ఉంటాయి. అవి గాలితో పాటు వచ్చి బోర్డు మీద పడతాయి, దుమ్మును బురదగా మారుస్తాయి. అంత ఒత్తిడికి ఫ్యాన్ తన సహజ వేగానికి ఎన్నో రెట్లు తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పైగా బయటి నుంచి కొట్టిన గాలి దుమ్మును బయటికి తీయదు, లోపలికి నెట్టి వేరొక మూలకు చేర్చుతుంది. రెండు రోజులు బాగుండటానికీ, మళ్లీ మొదలవడానికీ కారణం అదే.

ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌లో పేరుకునేది నూలుపోగులు, వెంట్రుకలు కలిసిన మెత్తటి దుమ్ము. అది ఫ్యాన్ వెనక రేకుల ముందు తివాచీ ముక్కలా అడ్డుగా పరుచుకుంటుంది. మీ దగ్గర చేరేది రాతిపొడి. అది సన్నగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, బేరింగులోకి దిగి ఆకురాయిలా అరగదీస్తుంది. కాబట్టి గరగర వచ్చాక శుభ్రం చేయడంతో సరిపోదు, ఆ ఫ్యాన్ మార్చవలసిందే. రెండు ఫ్యాన్లూ ఒకేసారి మార్చడం మేలు. పని చేయించేటప్పుడు అడుగు మూత తీసి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి కుంచెతోనూ చేతి బ్లోయరుతోనూ రేకుల వైపు నుంచి దుమ్ము తీయమని చెప్పండి.

అయితే అసలు చికిత్స ల్యాప్‌టాప్‌కు కాదు, గదికి చేయాలి. ఆఫీసు గది తలుపు పాలిషింగ్ షెడ్డు వైపు తెరుచుకుంటుంటే ఏ ల్యాప్‌టాప్ అయినా ఇంతే. తలుపు సందులకు రబ్బరు పట్టీ వేయించి, బల్ల దులపడానికి పొడిగుడ్డ బదులు తడిగుడ్డ వాడించండి. కొందరు ల్యాప్‌టాప్ అడుగున సన్నని వల అతికిస్తారు. వారం వారం దానిని తీసి దులిపే ఓపిక ఉంటే మంచిదే. లేకపోతే ఆ వలే పూడిపోయి గాలికి అడ్డమవుతుంది, పాత స్థితే నయమనిపిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రంతా మంచం మీద, దుప్పటి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆటలాడతాడు. ఒక్కోసారి తొడల మీదే పెట్టుకుంటాడు. చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. తొడ మీద వలలాంటి ఎర్రటి మచ్చలు కనబడుతున్నాయి. — ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందు మచ్చల సంగతి. చర్మం కాలేంత కాకపోయినా, 43 నుంచి 47 డిగ్రీల వేడి రోజుల తరబడి ఒకేచోట తగులుతుంటే వలలాంటి ఎరుపు, తర్వాత గోధుమరంగు మచ్చలు వస్తాయి. పూర్వం కుంపటికి దగ్గరగా కూర్చునేవారికి వచ్చే ఈ మచ్చలు ల్యాప్‌టాప్ వాడేవారిలోనూ వస్తాయని వైద్యులు నమోదు చేశారు. ఆ వేడి తగలడం వెంటనే మాన్పించి, ఒకసారి చర్మవైద్యులకు చూపించండి. మొదట్లోనే మానేస్తే మచ్చలు క్రమంగా తగ్గుతాయి.

ఇక యంత్రం గురించి. ఇలాంటి ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచి పీల్చి వెనక నుంచో పక్కల నుంచో వదులుతాయి. దుప్పటి మీద పెడితే ముక్కు మూసినట్లే, పైగా దుప్పటి నూలు లోపలికి పోతుంది. మీ అబ్బాయికి ఒక మాట చెప్పి చూడండి: ఆట సెట్టింగులలో ఫ్రేమ్ రేటును 60కి పరిమితం చేస్తే గ్రాఫిక్స్ చిప్ చేసే పని బాగా తగ్గి, వేడీ ఫ్యాన్ల రొదా రెండూ తగ్గుతాయి. "ఆడవద్దు" అంటే వినని పిల్లలు "ఇలా ఆడితే ఫ్రేములు తగ్గిపోవు" అంటే వింటారని నా అనుభవం.

ప్రశ్న: మాది కొత్తపట్నం, సముద్రానికి దగ్గర. వేసవిలో ఎయిర్ కూలర్ ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుంటాను. కూలర్ తేమ లోపలికి పోతే ప్రమాదమా? ఏసీ కొంటే ఆ భయం ఉండదా? — ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని, కొత్తపట్నం

జవాబు: చల్లటి వస్తువు మీదే గాలిలోని తేమ నీరుగా మారుతుంది. నడుస్తున్న ల్యాప్‌టాప్ గదికంటే వేడిగా ఉంటుంది కాబట్టి కూలర్ గాలిలోని తేమ దాని మీద నీరు కాదు. ప్రమాదమంతా కూలర్ చిమ్మే నీటి తుంపరలతోనే. గాలి సూటిగా తగలకుండా కొన్ని అడుగులు పక్కకు జరపండి. పడమటి గాలి పొడిగా వీచే రోజున కూలర్ గదిని బాగా చల్లబరుస్తుంది, గది చల్లబడినన్ని డిగ్రీలు మీ ప్రాసెసర్‌కూ దాదాపు అంతే తగ్గుతాయి. మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి తిరిగితే మాత్రం కూలర్ ఉక్కపోత పెంచడం తప్ప చేసేదేమీ ఉండదు. అప్పుడు నీటి పంపు ఆపి ఫ్యాన్ మాత్రమే నడపండి.

ఏసీతో భయం ఉండదనుకోవద్దు, అది ఇంకో వేషంలో వస్తుంది. బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పడుతుంది. ఏసీ గదిలో రాత్రంతా 22 డిగ్రీల వద్ద ఆపి ఉంచిన ల్యాప్‌టాప్‌ను పొద్దున్నే వరండాలోకి తెచ్చి ఆన్ చేస్తే, కళ్లద్దాలకు పట్టినట్లే లోపలి బోర్డుకూ మంచు పడుతుంది. బయటికి తెచ్చినప్పుడు సంచిలోనే అరగంట ఉంచి ఆ తర్వాత తెరవండి.

మీకున్న అసలు శత్రువు ఉప్పు. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తానే నీరు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు గాలితో లోపల చేరిన ఉప్పు దుమ్ముతో కలిసి, సాయంత్రానికి తడిసి, మధ్యాహ్నానికి ఆరి, రేకుల మీద జిగటపొరలా పట్టుకుంటుంది, సన్నని లోహభాగాలను తినేస్తుంది. ఊరి లోపలి వారికి ఏడాదికి ఒకసారి శుభ్రం చేయిస్తే చాలు అంటాను, మీకు ఆరు నెలలకొకసారి అంటాను. సముద్రం వైపు కిటికీ పక్కన బల్ల వేసుకోవడం హాయిగానే ఉంటుంది, కానీ ల్యాప్‌టాప్‌ను మాత్రం ఎదుటి గోడ వైపు పెట్టుకోండి.

ప్రశ్న: కూలింగ్ ప్యాడ్ కొనవచ్చా? — ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ల్యాప్‌టాప్ వెనక అంచు కింద అంగుళం ఎత్తు చెక్కముక్క పెట్టి, అరగంట పరీక్ష నడిపి చూడండి. అడుగున గాలి రంధ్రాలు ఉన్న యంత్రాలకు కూలింగ్ ప్యాడ్ ఇచ్చే మేలులో చాలా భాగం ఆ చెక్కముక్కే ఇస్తుంది. అడుగున రంధ్రాలే లేని యంత్రానికైతే ప్యాడ్ గాలి ప్లాస్టిక్‌ను నిమరడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. ఫ్యాన్ల చుట్టూ నురుగు అంచు ఉండి, గాలిని రంధ్రాలలోకి బలంగా నెట్టే రకం నిజంగా పనిచేస్తుంది, కానీ దాని మోత పక్క గదికి వినిపిస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో వోల్టేజీ చాలా తక్కువ. అడాప్టర్ బాగా వేడెక్కుతోంది. టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేచి క్లిక్ పడటం లేదు. రెండింటికీ సంబంధం ఉందా? — కనిగిరి

జవాబు: అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది. 170, 180 వోల్టులు వచ్చినా అది పనిచేస్తుంది. అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి కొంత అదనంగా వేడెక్కుతుంది. దానిని పరుపు మీద గాక గచ్చు మీద ఉంచితే చాలు.

టచ్‌ప్యాడ్ సంగతి వేరు, దానితో ఆలస్యం చేయవద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో దాని కిందనే బ్యాటరీ ఉంటుంది, అది ఉబ్బుతోంది. లిథియం అయాన్ బ్యాటరీ నూరు శాతం చార్జితో, ఎక్కువ వేడిలో నెలల తరబడి ఉంటే త్వరగా క్షీణిస్తుంది, లోపల వాయువులు పుడతాయి. ఈ ఉత్తరం అచ్చయి మీ చేతికి వచ్చేసరికే ఆలస్యమై ఉండవచ్చు కాబట్టి, ఇప్పుడే చార్జర్ తీసి, ల్యాప్‌టాప్ ఆపి, ఎండ తగలని చోట, మండే వస్తువులకు దూరంగా ఉంచండి. మూతను నొక్కి సరిచేయబోవద్దు, సూదితో గుచ్చబోవద్దు, మళ్లీ చార్జి పెట్టవద్దు. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ తీయించి, పాతదానిని చెత్తకుండీలో వేయకుండా వారికే అప్పగించండి. కొత్తది వేశాక, ఎప్పుడూ చార్జర్ మీదే వాడేవారైతే, తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో చార్జింగ్‌ను 80 శాతం వద్ద ఆపే ఏర్పాటు ఉంటుంది, దానిని ఆన్ చేసుకోండి.